డిసౌజా పేరు దగ్గర ఫారం విరిగితే: కోడ్‌తో హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌లు తయారుచేసే పద్ధతి

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో పెట్టుకుంటాను. బెంగళూరులో బీటీఎం లేఅవుట్, మారతహళ్లి వైపు పీజీలు నడిపే ఓనర్ల కోసం మీ చిన్న టీమ్ ఒక వెబ్ యాప్ చేస్తోంది. వెనకాల పైథాన్ భాష, అందులో వెబ్ యాప్‌లు కట్టే ఫ్లాస్క్. అద్దెకున్నవాళ్ల జాబితా, గది నంబరు, అడ్వాన్సు, బాకీ, కంప్లయింట్లు అన్నీ అందులో ఉంటాయి. పేజీలో కనిపించే ట్యాగ్‌లు చాలావరకు స్ట్రింగ్‌లను ప్లస్ గుర్తుతో అతికించి తయారుచేస్తున్నారు. మంగళూరు నుంచి వచ్చిన డిసౌజా అనే కుర్రాడు చేరాక, ఎడిట్ ఫారంలో అతని పేరు ఒక్క 'డి' అక్షరంగా మిగిలింది. దాంతో కనపడిన చోటల్లా ఎస్కేప్ ఫంక్షన్ పెట్టారు, అంటే హెచ్‌టీఎంఎల్‌లో ప్రత్యేక అర్థమున్న గుర్తులను బ్రౌజర్ మామూలు రాతగా చూపించే సంకేతాలుగా (ఎంటిటీలుగా) మార్చేది. ఇప్పుడు కొన్ని చోట్ల & గుర్తు పక్కన 'ఏఎంపీ' అనే అక్షరాలు తెర మీదకే వచ్చేస్తున్నాయి, వాట్సాప్‌లో వెళ్లే రసీదులో కూడా. మీ లీడ్ రివ్యూలో 'ట్యాగ్‌లకు సరైన హెల్పర్ రాయి' అని ఒక్క ముక్క రాసి పుల్ రిక్వెస్ట్ (మీరు పంపిన కోడ్ మార్పు) వెనక్కి పంపారు. హెల్పర్, అంటే ట్యాగ్‌లు తయారుచేసిపెట్టే చిన్న ఫంక్షన్, ఎలా రాయాలి, అసలు రాయాలా, ఏదైనా లైబ్రరీ తెచ్చుకుంటే పోదా అన్నది మీ సందేహం.

మీ లీడ్ చెప్పింది సరైనదే గానీ సగమే చెప్పారు. హెల్పర్ రాసేముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఎస్కేప్ చేసే పని ఎవరిది, ఏ క్షణంలో చేయాలి. అది తేలకుండా ఎంత అందమైన క్లాస్ రాసినా నెల తిరక్కుండా ఇదే గొడవ మళ్లీ వస్తుంది. కోడ్ ముక్కలు పెట్టకుండా మాటల్లోనే చెబుతాను, మీ రెపోలో ఏది ఎక్కడుందో మీకే తెలుసు.

ముందు డిసౌజా సంగతి. ఆ పేరును ఇంగ్లిష్‌లో రాస్తే (D'Souza) 'డి' తర్వాత అపాస్ట్రఫీ ఉంటుంది, కంప్యూటర్‌కు అది సింగిల్ కోట్ గుర్తే. మీ ఇన్‌పుట్ ట్యాగ్‌లో వాల్యూ యాట్రిబ్యూట్‌ను, అంటే గడిలో ఏం కనిపించాలో చెప్పే లక్షణాన్ని, సింగిల్ కోట్ల మధ్య పెట్టారు. బ్రౌజర్ మొదటి సింగిల్ కోట్ దగ్గర విలువ మొదలుపెట్టి, రెండో సింగిల్ కోట్ కనపడగానే విలువ అయిపోయిందనుకుంటుంది. ఆ రెండోది పేరులోని అపాస్ట్రఫీ. మిగిలిన 'సౌజా' ముక్కను ఎవరూ అడగని కొత్త యాట్రిబ్యూట్‌గా తీసుకుని ఊరుకుంటుంది. ఎర్రర్ రాదు, కన్సోల్‌లో చప్పుడుండదు. ఓనర్ అద్దె మార్చి సేవ్ నొక్కితే పేరు 'డి'గానే డేటాబేస్‌లో కూర్చుంటుంది. హెచ్‌టీఎంఎల్ పార్సర్ (బ్రౌజర్‌లో ట్యాగ్‌లను చదివే భాగం) ఏ తప్పునైనా ఎలాగోలా సర్దుకుని ముందుకు పోయేలా తయారైంది, అందుకే ఈ రకం తప్పులు చాలా ఆలస్యంగా బయటపడతాయి. పేరు స్థానంలో ఎవరైనా కావాలని ఒక ఆన్‌ఫోకస్ యాట్రిబ్యూట్, దాని వెనక కాస్త జావాస్క్రిప్ట్ రాస్తే, ఓనర్ లాగిన్‌తో ఆ కోడ్ నడుస్తుంది. డిసౌజా పేరు విరగడమూ, దాడి జరగడమూ ఒకే కన్నం గుండా వస్తాయి.

ఎస్కేప్ చేశాక కూడా ఒకటి రెండు చోట్ల విరుగుతోందని రాశారు. పాత ప్రాజెక్ట్ నుంచి తెచ్చుకున్న ఫంక్షన్ అయి ఉంటుందని నా అనుమానం. పైథాన్‌లో ఒకప్పుడు సీజీఐ మాడ్యూల్‌లో ఉండే ఎస్కేప్, అపాస్ట్రఫీని అసలు ముట్టుకునేది కాదు, డబుల్ కోట్‌ను కూడా అడిగితేనే మార్చేది. 3.8లో దాన్ని తీసేశారు. దాన్ని చూసి రాసుకున్న సొంత కాపీలు మాత్రం ఎన్నో రెపోల్లో ఇంకా బతికే ఉన్నాయి. ఇప్పుడు వాడాల్సింది హెచ్‌టీఎంఎల్ మాడ్యూల్‌లోని ఎస్కేప్, అది రెండు రకాల కోట్లనూ మారుస్తుంది. పీహెచ్‌పీ వాళ్లదీ ఇదే కథ: హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్ ఫంక్షన్ సింగిల్ కోట్‌ను తనంతట తాను మార్చడం మొదలుపెట్టింది 2021లో వచ్చిన 8.1 నుంచే. సొంతంగా రాసుకునే సరదా ఉంటే ఒక్కటి గుర్తుంచుకోండి, & గుర్తును అన్నిటికన్నా ముందు మార్చాలి. చివర్లో మారిస్తే, అంతకుముందు మార్చిన < గుర్తు తాలూకు & కూడా మళ్లీ మారిపోతుంది.

ఇక 'ఏఎంపీ' కనపడటం. ఇది రెండుసార్లు ఎస్కేప్ అవడం వల్ల వచ్చేదే. మీరు ఫారం నుంచి వచ్చిన విలువను డేటాబేస్‌లో పెట్టేముందే ఎస్కేప్ చేస్తున్నారు. పేజీలో చూపించేటప్పుడు టెంప్లేట్ (విలువలు నింపే పేజీ నమూనా) మళ్లీ చేస్తోంది. వాట్సాప్‌కు హెచ్‌టీఎంఎల్‌తో పనే లేదు, కాబట్టి డేటాబేస్‌లోని చెత్త ఉన్నదున్నట్టు రసీదులోకి వెళ్లింది. డేటాబేస్‌లో ఎప్పుడూ మనిషి టైప్ చేసిందే ఉండాలి. 'శ్రీనివాస & సన్స్' అని రాస్తే అలాగే. ఎస్కేప్ అనేది బయటికి వెళ్లే గుమ్మం దగ్గర జరిగే పని, ఏ గుమ్మానికి ఆ గుమ్మం పద్ధతి. ఎక్సెల్‌కు ఒకటి, ఎస్‌ఎంఎస్‌కు ఒకటి, పేజీకి ఒకటి. పేజీలో కూడా చోటును బట్టి మారుతుంది, దాని దగ్గరికి వస్తాను.

ఇంతవరకు క్రమశిక్షణ మాటలు. కానీ టీమ్‌లో అందరూ, అర్ధరాత్రి రిలీజ్ రోజున కూడా, గుర్తుపెట్టుకుని ఎస్కేప్ చేస్తారని నమ్మితే అయినట్టే. కాబట్టి మామూలు రాతకూ తయారైన ట్యాగ్‌లకూ తేడా టైప్‌లోనే ఉండాలి. ఫ్లాస్క్‌తోపాటు మీకు తెలియకుండానే మార్కప్‌సేఫ్ అనే లైబ్రరీ వస్తుంది, అందులో మార్కప్ అనే క్లాస్ ఉంది. మామూలు స్ట్రింగ్ అంటే 'ఇంకా ఎస్కేప్ కాలేదు, నమ్మొద్దు'. మార్కప్ అంటే 'ఇది ట్యాగే, ముట్టుకోవద్దు'. మార్కప్‌కు మామూలు స్ట్రింగ్‌ను ప్లస్‌తో కలిపితే, ఆ స్ట్రింగ్‌ను అదే ఎస్కేప్ చేసుకుని కలుపుకుంటుంది. ఫ్లాస్క్ వాడే టెంప్లేట్ లైబ్రరీ జింజా, దాని టెంప్లేట్‌కు మార్కప్ ఇస్తే మళ్లీ ఎస్కేప్ చేయదు. వేరే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లైన జాంగోలో సేఫ్‌స్ట్రింగ్, రైల్స్‌లో సేఫ్‌బఫర్ ఇదే పని చేస్తాయి. జాంగో 1.0తో 2008లోనూ, రైల్స్ 3తో 2010లోనూ టెంప్లేట్‌లలో ఎస్కేప్ దానంతట అదే జరగడం మొదలైంది.

ఇక్కడ మూడు గుంతలున్నాయి, మీ కోడ్‌లో కనీసం రెండు ఉంటాయని పందెం.

ఒకటి, ఎఫ్-స్ట్రింగ్, అంటే మధ్యమధ్యలో విలువలు పెట్టి రాసే పైథాన్ స్ట్రింగ్. మార్కప్ క్లాస్ లోపల ఎఫ్-స్ట్రింగ్ రాస్తే అంతా భద్రంగా ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ పైథాన్ ముందు ఎఫ్-స్ట్రింగ్‌ను పూర్తి చేసి, పేరును లోపల కలిపేశాకే మార్కప్‌కు ఇస్తుంది. అప్పటికి ఏది ట్యాగో ఏది పేరో దానికి తెలియదు, మొత్తాన్ని ట్యాగ్‌గా ఒప్పేసుకుంటుంది. ఖాళీలున్న స్ట్రింగ్‌ను మార్కప్‌లో పెట్టి, ఆ తర్వాత ఫార్మాట్ మెథడ్‌తో విలువలు నింపాలి. అప్పుడు ప్రతి విలువా ఎస్కేప్ అవుతుంది. జాంగోలో దీనికి ఫార్మాట్_హెచ్‌టీఎంఎల్ ఉంది. 2025 అక్టోబర్‌లో వచ్చిన పైథాన్ 3.14లో టీ-స్ట్రింగ్‌లు అని కొత్తవి చేర్చారు. అవి స్థిరమైన భాగాన్నీ విలువలనూ విడివిడిగా చేతికి ఇస్తాయి కాబట్టి సరిగ్గా ఈ పనికి పనికొస్తాయి. మీరున్న వెర్షన్‌లో అవి లేకపోతే ఫార్మాట్‌తో కానివ్వండి.

రెండోది జాయిన్, అంటే జాబితాలోని ముక్కలను ఒకే స్ట్రింగ్‌గా కలిపేది. ఒక్కొక్క వరుసనూ చక్కగా మార్కప్‌గా తయారుచేసి, ఆఖర్న ఖాళీ స్ట్రింగ్ మీద జాయిన్ చేస్తారు. అది తిరిగిచ్చేది మామూలు స్ట్రింగ్, మార్కప్ అన్న ముద్ర పోయింది. టెంప్లేట్ దాన్ని ఎస్కేప్ చేస్తుంది, పేజీలో టేబుల్ బదులు ట్యాగ్‌ల రాతే కనిపిస్తుంది. అప్పుడు ఎవరో కంగారులో, 'ఎస్కేప్ చేయొద్దు' అని టెంప్లేట్‌కు చెప్పే సేఫ్ ఫిల్టర్ తగిలిస్తారు, తెర బాగుపడుతుంది, కన్నం మాత్రం శాశ్వతంగా ఉండిపోతుంది. ఖాళీ మార్కప్ మీద జాయిన్ చేస్తే ఈ బాధే లేదు, పైగా జాబితాలో పొరపాటున మామూలు స్ట్రింగ్ ఉంటే దాన్నీ ఎస్కేప్ చేస్తుంది. సేఫ్ ఫిల్టర్ ఎక్కడ కనపడ్డా 'ఇది ఎవరి తప్పును కప్పుతోంది' అని అడగండి.

మూడోది చిన్నదే. ఫ్లాస్క్‌లో జింజా టెంప్లేట్ ఫైల్ పేరు చివర హెచ్‌టీఎంఎల్ వంటి గుర్తించిన ఎక్స్‌టెన్షన్ ఉంటేనే ఆటోఎస్కేప్ నడుస్తుంది. జింజాను ఫ్లాస్క్ బయట, అంటే మెయిల్ పంపే స్క్రిప్ట్‌లోనో మరోచోటో, నేరుగా వాడుతుంటే ఆటోఎస్కేప్ మీరే ఆన్ చేయాలి.

ఇప్పుడు హెల్పర్. పెద్దది వద్దు. ట్యాగ్ పేరు, యాట్రిబ్యూట్‌లు, లోపలి పిల్లలు (ట్యాగ్ లోపల ఉండే రాత, ఇతర ట్యాగ్‌లు) తీసుకుని మార్కప్ తిరిగిచ్చే ఒక్క ఫంక్షన్ చాలు, నలభై యాభై వరుసలకు మించదు. దాని గుణమంతా చిన్న చిన్న నిర్ణయాల్లో ఉంటుంది.

ట్యాగ్ పేర్లు, యాట్రిబ్యూట్ పేర్లు మీ కోడ్‌లోంచే రావాలి, యూజర్ నుంచి ఎప్పుడూ రాకూడదు. విలువను ఎస్కేప్ చేయొచ్చు గానీ పేరును ఎస్కేప్ చేయడం కుదరదు, పేరులో ఒక్క ఖాళీ ఉన్నా అది రెండు యాట్రిబ్యూట్‌లు అవుతుంది. ఇది ఊహాజనితమైన భయం కాదు. జింజాలోనే ఎక్స్‌ఎంఎల్‌యాటర్ అనే ఫిల్టర్ ఇలా ఖాళీలున్న పేర్లను వదిలేస్తోందని 2024 జనవరిలో 3.1.3 వెర్షన్‌తో సరిచేశారు, మిగిలిన ఇంకొన్ని గుర్తుల కోసం అదే ఏడు మరో వెర్షన్ తేవాల్సి వచ్చింది. కాబట్టి హెల్పర్‌లో పేరు అక్షరాలు, అంకెలు, హైఫన్ దాటితే ఎర్రర్ ఇచ్చేయండి. విలువ చుట్టూ ఎప్పుడూ డబుల్ కోట్లే, కోట్లు లేకుండా వదిలేసే పద్ధతి వద్దే వద్దు.

బూలియన్ యాట్రిబ్యూట్‌ల దగ్గర కొత్తవాళ్లందరూ పడతారు. డిజేబుల్డ్, చెక్డ్, సెలెక్టెడ్, రిక్వైర్డ్ వంటివి ట్యాగ్‌లో కనపడితే చాలు, విలువ ఏదైనా 'అవును' అనే అర్థం. డిజేబుల్డ్‌కు ఫాల్స్ అని రాసినా బటన్ నొక్కుడుపడదు. అందుకని ట్రూ అయితే పేరు మాత్రం రాయాలి, ఫాల్స్ గానీ నన్ (None, పైథాన్‌లో 'ఏమీ లేదు') గానీ అయితే అసలు రాయకూడదు. కానీ స్క్రీన్ రీడర్‌ల కోసం పెట్టే, ఏరియా (aria)తో మొదలయ్యేవి, కంటెంట్‌ఎడిటబుల్, డ్రాగబుల్, స్పెల్‌చెక్ ఈ జాతివి కావు, వాటికి ట్రూ, ఫాల్స్ అన్న మాటలే విలువలుగా కావాలి. ఏరియా-ఎక్స్‌పాండెడ్‌కు ఫాల్స్ ఉంటే 'మెనూ మూసి ఉంది' అని స్క్రీన్ రీడర్ చెబుతుంది, మీ హెల్పర్ దాన్ని ఎత్తేస్తే అది తెరుచుకునేదన్న సంగతే చెప్పదు. ఈ రెండు జాతులను హెల్పర్ విడిగా చూడాలి. క్లాస్ అనే మాట పైథాన్ తన సొంతానికి వాడుకుంటుంది కాబట్టి చివర అండర్‌స్కోర్ పెట్టి ఇవ్వడం, డేటా, ఏరియా పేర్లలో అండర్‌స్కోర్‌ను హైఫన్‌గా మార్చడం అందరూ చేసేదే.

ముగింపు ట్యాగ్ ఉండని ఎలిమెంట్‌లు ప్రమాణం ప్రకారం 13: ఏరియా (area), బేస్, బీఆర్, కాల్, ఎంబెడ్, హెచ్‌ఆర్, ఇమేజ్, ఇన్‌పుట్, లింక్, మెటా, సోర్స్, ట్రాక్, డబ్ల్యూబీఆర్. ఇవి తప్ప మిగిలినవాటికి లోపల ఏమీ లేకపోయినా ముగింపు ట్యాగ్ రాసి తీరాలి. చివర స్లాష్ పెట్టి 'మూసేశాను' అనుకోవడం ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ రోజుల అలవాటు. బ్రౌజర్ ఆ స్లాష్‌ను పట్టించుకోదు. డివ్‌ను అలా మూస్తే అది తెరిచే ఉంటుంది. స్క్రిప్ట్ ట్యాగ్‌ను అలా మూస్తే మరీ ఘోరం, తర్వాతి స్క్రిప్ట్ ముగింపు దొరికేదాకా పేజీనంతా జావాస్క్రిప్ట్ అనుకుని మింగేస్తుంది, తెర తెల్లగా ఉంటుంది.

పిల్లల సంగతి సులువు: మార్కప్ అయితే అలాగే, స్ట్రింగ్ అయితే ఎస్కేప్ చేసి, జాబితా అయితే లోపలికి దిగి, నన్ అయితే వదిలేసి. 'ఖాళీ అయితే వదిలెయ్' అని మాత్రం రాయకండి. పైథాన్‌కు సున్నా కూడా ఖాళీయే. బాకీ కాలమ్‌లో 0 ఉండాల్సిన చోట ఏమీ కనపడదు, ఓనర్ మీకు ఫోన్ చేస్తాడు. నన్‌తో మాత్రమే పోల్చండి.

ఇంకొక్క వింత. టెక్స్ట్‌ఏరియా, ప్రీ ట్యాగ్‌లు తెరిచిన వెంటనే కొత్త వరుస వస్తే బ్రౌజర్ దాన్ని పారేస్తుంది. ఎవరో కంప్లయింట్‌ను ఒక ఖాళీ వరుసతో మొదలుపెట్టారనుకోండి, ఎడిట్ పేజీ తెరిచి సేవ్ చేసిన ప్రతిసారీ పైనుంచి ఒక వరుస మాయమవుతుంది. ఈ రెండు ట్యాగ్‌లకూ హెల్పర్ తనే ఒక కొత్త వరుస చేర్చేస్తే బ్రౌజర్ పారేసేది అదే అవుతుంది, అసలు రాత మిగులుతుంది.

హెల్పర్ ఇక్కడితో అయిపోయింది. కానీ ఎస్కేప్ ఒక్కటే సరిపోని చోట్లు ఉన్నాయన్నాను కదా, అసలు ప్రమాదం అక్కడే.

మొదటిది లింక్. బెంగళూరు అడ్రస్‌లు ఎలా ఉంటాయో మీకు తెలుసు: #12, 3వ క్రాస్, 5వ మెయిన్. ఇంటి నంబరు ముందు ఆ # లేకుండా ఇక్కడ అడ్రస్ రాయరు. మీ మ్యాప్ లింక్‌లో అడ్రస్‌ను అలాగే అతికిస్తే, బ్రౌజర్‌కు # తర్వాతిదంతా పేజీలోపలి గుర్తు, సర్వర్‌కు పంపదు. మ్యాప్‌కు చేరేది ఖాళీ. హెచ్‌టీఎంఎల్ ఎస్కేప్ # జోలికే పోదు కాబట్టి ఎన్నిసార్లు చేసినా లాభం లేదు. యూఆర్‌ఎల్‌కు దాని ఎన్‌కోడింగ్ వేరు, # అయితే %23, & అయితే %26. పైథాన్‌లో యూఆర్‌ఎల్‌ఎన్‌కోడ్ ఆ పని చేస్తుంది. ముందు విలువను యూఆర్‌ఎల్ కోసం ఎన్‌కోడ్ చేసి, పూర్తి లింక్ తయారయ్యాక దాన్ని యాట్రిబ్యూట్‌లో పెట్టేటప్పుడు హెచ్‌టీఎంఎల్ కోసం ఎస్కేప్ చేయాలి. ఈ రెండో పని హెల్పర్ చూసుకుంటుంది, మొదటిది మీ బాధ్యత.

లింక్ మొత్తాన్ని యూజరే ఇస్తే ఇంకో చిక్కు. ఓనర్ తన వెబ్‌సైట్ గడిలో జావాస్క్రిప్ట్ స్కీమ్‌తో (స్కీమ్ అంటే లింక్ మొదట్లో కోలన్ ముందుండే మాట) మొదలయ్యే లింక్ పెడితే, అందులో ఎస్కేప్ చేయాల్సిన గుర్తు ఒక్కటీ ఉండకపోవచ్చు. జావాస్క్రిప్ట్ అన్న మాటను వెతికి తీసేద్దాం అనుకోకండి. 2005లో మైస్పేస్ అనే సోషల్ నెట్‌వర్క్‌ను కుదిపేసిన సామీ వార్మ్‌లో (తనంతట తాను పాకే కోడ్) వాడిన ఉపాయాల్లో ఒకటి, ఆ మాట మధ్యలో కొత్త వరుస పెట్టి రెండు ముక్కలు చేయడం. సైట్ ఫిల్టర్‌కు అది దొరకలేదు, కొన్ని బ్రౌజర్లు మాత్రం ముక్కలు కలుపుకుని నడిపించాయి. ఒక రోజు తిరిగేలోపు పది లక్షలకు పైగా ప్రొఫైళ్లకు పాకింది. లింక్‌ను పార్స్ చేసి, స్కీమ్ హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్, మెయిల్‌టూ, టెల్ అయితేనే ఒప్పుకోండి. మిగిలిందేదైనా మామూలు రాతగా చూపించండి.

రెండోది ఆన్‌క్లిక్. మీ 'తొలగించు' బటన్‌లో పేరును ఆన్‌క్లిక్ లోపలి జావాస్క్రిప్ట్‌లో పెట్టారు. అక్కడ ఎస్కేప్ చేసినా డిసౌజా దగ్గర పని చేయడం లేదని ఆశ్చర్యపోయారు. జరిగేది ఇది: బ్రౌజర్ ముందు యాట్రిబ్యూట్ విలువను చదివి, &#39; అని ఉన్నదాన్ని మళ్లీ అపాస్ట్రఫీగా మార్చుకుంటుంది. ఆ తర్వాతే దాన్ని జావాస్క్రిప్ట్‌కు అప్పగిస్తుంది. జావాస్క్రిప్ట్ చేతికొచ్చేసరికి కవచం ఊడిపోయింది, స్ట్రింగ్ 'డి' దగ్గరే తెగింది. ఇక్కడ రెండు పొరల ఎస్కేప్ చేయొచ్చు, కానీ చేయకండి. అద్దెదారు ఐడీని డేటా యాట్రిబ్యూట్‌లో పెట్టి, విడి జావాస్క్రిప్ట్ ఫైల్‌లో క్లిక్‌ను వినండి, డేటాసెట్ నుంచి ఐడీ తీసుకోండి. రేపు కంటెంట్ సెక్యూరిటీ పాలసీ (పేజీలో ఏ స్క్రిప్ట్‌లు నడవొచ్చో బ్రౌజర్‌కు చెప్పే నియమం) పెట్టాలన్నా ఇన్‌లైన్ హ్యాండ్లర్‌లు ఎలాగూ తీసేయాల్సిందే.

మూడోది స్క్రిప్ట్ ట్యాగ్ లోపల జేసన్ (జావాస్క్రిప్ట్ చదవగలిగేలా డేటా రాసే పద్ధతి) పెట్టడం. స్క్రిప్ట్, స్టైల్ ట్యాగ్‌ల లోపల బ్రౌజర్ ఎంటిటీలను మార్చదు, కాబట్టి హెచ్‌టీఎంఎల్ ఎస్కేప్ చేస్తే మీ డేటాలోకే ఆ చెత్త వచ్చేస్తుంది. చేయకపోతే, ఎవరి కంప్లయింట్‌లోనైనా స్క్రిప్ట్ ముగింపు ట్యాగ్ రాసి ఉంటే, అది జావాస్క్రిప్ట్ స్ట్రింగ్ మధ్యలో ఉన్నా సరే, పార్సర్ అక్కడే స్క్రిప్ట్ అయిపోయిందంటుంది. జింజాలో టూజేసన్ ఫిల్టర్, జాంగోలో జేసన్_స్క్రిప్ట్ ఉన్నాయి, < వంటి గుర్తులను అవి జేసన్‌కు అర్థమయ్యే యూనికోడ్ సంకేతాలుగా మారుస్తాయి. అవే వాడండి. గో భాషలోని హెచ్‌టీఎంఎల్ టెంప్లేట్ ప్యాకేజీ అయితే విలువ ఏ చోట పడుతోందో తనే చూసుకుని తగిన ఎస్కేప్ వేస్తుంది. ఆ సౌఖ్యం మన జింజాలో లేదు.

మన భాషల వాళ్లకు విడిగా వచ్చే తలనొప్పులు కొన్ని. మీరు పేరు నుంచి ఐడీ యాట్రిబ్యూట్ తయారుచేస్తున్నారు, అక్షరాలు కానివన్నీ రెగెక్స్‌తో (రాతలో ఒక నమూనాను వెతికే పద్ధతి) తీసేసి. పైథాన్ రెగెక్స్‌లోని 'అక్షరం' గుర్తు తెలుగు గుణింతాలను, పొల్లును అక్షరాలుగా లెక్కపెట్టదు. అంటే 'రాము' కాస్తా 'రమ' అవుతుంది. మీ పీజీలో నిజంగానే రమ అనే అమ్మాయి ఉంటే ఇద్దరికీ ఒకే ఐడీ. రమ లేబుల్ మీద నొక్కితే రాము చెక్‌బాక్స్‌లో టిక్ పడుతుంది. జావాస్క్రిప్ట్‌లో అదే గుర్తు ఇంగ్లిష్ అక్షరాలకే పరిమితం, తెలుగు పేరంతా ఖాళీ అయిపోతుంది. కన్నడ, తమిళ పేర్లకూ ఇదే గతి. ఐడీని పేరు నుంచి తీయడం మానేసి డేటాబేస్ కీ నుంచి తీయండి.

పేరు పొడవైతే కత్తిరిస్తున్నారు కదా. ఎస్కేప్ చేశాక కత్తిరిస్తే ఎంటిటీ మధ్యలో తెగుతుంది. ముందు కత్తిరించినా, తెలుగులో 'శ్రీ' మధ్యలో కోత పడితే 'శ్' మిగులుతుంది. జాబితా పేజీలో అయితే కత్తిరించే పని సర్వర్‌లో వద్దు, పూర్తి పేరు పంపి సీఎస్‌ఎస్ టెక్స్ట్-ఓవర్‌ఫ్లో ఎలిప్సిస్‌కు వదిలేయండి.

నోటీసులు మూడు భాషల్లో పెడతారు కాబట్టి ఒక్కో భాగానికి అది ఏ భాషో చెప్పే లాంగ్ యాట్రిబ్యూట్ హెల్పర్‌తోనే పెట్టించండి. స్క్రీన్ రీడర్ ఏ గొంతుతో చదవాలో దాన్ని బట్టే ఎంచుకుంటుంది. తెలుగుకు టీఈ, కన్నడకు కేఎన్. తెలంగాణ బళ్ల నంబరు ప్లేటు అలవాటులో టీజీ అని పెట్టేరు, అది తజిక్ భాష కోడ్.

మీ పక్క టీమ్ ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్ అనే వేరే ఫ్రేమ్‌వర్క్‌లో ఉందని రాశారు, వాళ్ల పేజీ సోర్స్‌లో తెలుగంతా అంకెల కోడ్‌లుగా ఎందుకుందని అడిగారు. అక్కడి హెచ్‌టీఎంఎల్ ఎన్‌కోడర్ మామూలుగా బేసిక్ లాటిన్ అక్షరాలనే నమ్ముతుంది, మిగతా లిపులన్నిటినీ ఎంటిటీలుగా మార్చేస్తుంది. తెర మీద బాగానే ఉంటుంది. కానీ యూటీఎఫ్-8లో మూడు బైట్లు తీసుకునే తెలుగు అక్షరం ఏడు బైట్లవుతుంది, సోర్స్‌లో వెతకడమూ కుదరదు. స్టార్టప్ సెట్టింగ్స్‌లో వెబ్ ఎన్‌కోడర్ ఆప్షన్స్‌కు తెలుగు, కన్నడ యూనికోడ్ రేంజ్‌లు చేర్చమనండి.

బ్రౌజర్ వైపు కోడ్ గురించి క్లుప్తంగా. రాత పెట్టాలంటే టెక్స్ట్‌కంటెంట్, ట్యాగ్ పెట్టాలంటే క్రియేట్‌ఎలిమెంట్, అపెండ్. ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌కు ప్లస్-ఈక్వల్‌తో వరుసలు చేర్చడం ఆపండి. అలా చేసిన ప్రతిసారీ ఉన్న ట్యాగ్‌లన్నీ పోయి కొత్తగా పుడతాయి, వాటికి కట్టిన క్లిక్ హ్యాండ్లర్‌లు, యూజర్ సగం టైప్ చేసినవి అన్నీ పోతాయి. ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌లో స్క్రిప్ట్ ట్యాగ్ నడవదు కదా అని ధీమా వద్దు, ఇమేజ్ ట్యాగ్‌కు ఆన్‌ఎర్రర్ పెడితే నడుస్తుంది. టేబుల్ వరుసను డివ్ లోపల పార్స్ చేయిస్తే పార్సర్ టీఆర్, టీడీలను (టేబుల్ వరుస, గడి ట్యాగ్‌లను) ఎత్తేసి లోపలి రాతనే మిగులుస్తుంది. దానికి టెంప్లేట్ ఎలిమెంట్ వాడాలి.

ఇక లైబ్రరీ ప్రశ్న. నా అభిప్రాయం: పేజీ మొత్తానికి జింజా టెంప్లేట్, పదేపదే వచ్చే చిన్న భాగాలకు, అంటే ఫారం గడి, బాకీ బ్యాడ్జి, పేజీ నంబర్లు లాంటి వాటికి, పైన చెప్పిన ఫంక్షన్. పేజీ అంతా ఫంక్షన్ కాల్‌లతో కట్టకండి. పెర్ల్ భాషలో ఒకప్పుడు సీజీఐ మాడ్యూల్‌తో అదే చేసేవాళ్లు. ఇప్పుడు ఆ మాడ్యూల్ డాక్యుమెంటేషనే హెచ్‌టీఎంఎల్ తయారుచేసే ఫంక్షన్లు వాడొద్దని, టెంప్లేట్‌లకు మారమని చెబుతుంది. డిజైనర్ చేయి పెట్టలేని కోడ్ త్వరగా పాతబడుతుంది. ఫంక్షన్లే నచ్చితే డామినేట్, హెచ్‌టీపీవై లాంటివి ఉన్నాయి, చెడ్డవేం కావు. ఓనర్లకు నోటీసులో బోల్డ్, లింక్‌లు కావాలంటే మాత్రం హెల్పర్ చాలదు, అనుమతించిన ట్యాగ్‌ల జాబితాతో నడిచే శానిటైజర్ కావాలి. పైథాన్‌లో చాలాకాలం బ్లీచ్ వాడేవాళ్లు, 2023లో దాన్ని ఇక అభివృద్ధి చేయబోమని ప్రకటించారు. ఎన్‌హెచ్3 చూడండి, బ్రౌజర్‌లో అయితే డామ్‌ప్యూరిఫై.

పని వరుస ఇలా పెట్టుకోండి. ముందు రెపోలో సేఫ్ ఫిల్టర్, మార్కప్, ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్, ఆన్‌క్లిక్ అనే మాటల కోసం వెతికి, యూజర్ డేటా తగిలే చోట్లు గుర్తించండి. తర్వాత డేటాబేస్‌కు వెళ్లే దారిలోని ఎస్కేప్ తీసేసి, అదే రిలీజ్‌లో పాత డేటాను శుభ్రం చేయండి. బ్యాకప్ తీసుకుని ఒకసారి అన్‌ఎస్కేప్ నడిపితే చాలావరకు సర్దుకుంటుంది. ఎడిట్ చేసి సేవ్ చేసిన వరుసల్లో రెండు మూడు పొరలుంటాయి, వాటిని గుడ్డిగా లూప్‌లో పెట్టకుండా కంటితో చూడండి, ఎవరో నిజంగానే కంప్లయింట్‌లో ఎంటిటీ టైప్ చేసి ఉండొచ్చు. హెల్పర్ ఆ తర్వాత.

టెస్ట్ డేటాబేస్‌లో ఒక అద్దెదారును పెట్టుకోండి: పేరులో అపాస్ట్రఫీ, డబుల్ కోట్, &, <, 'శ్రీ' అన్నీ ఉండాలి. అడ్రస్ #తో మొదలవ్వాలి, బాకీ 0, కంప్లయింట్ మొదటి వరుస ఖాళీ, అందులో ఎక్కడో స్క్రిప్ట్ ముగింపు ట్యాగ్. ఆ మనిషి ఎడిట్ ఫారం తెరిచి, ఏమీ మార్చకుండా సేవ్ నొక్కే టెస్ట్ రాయండి. డేటాబేస్‌లో ముందున్నదీ తర్వాతదీ బైటు బైటుకీ ఒకటే ఉండాలి. పోల్చేముందు వరుస చివరలను మాత్రం ఒకే రకానికి తెచ్చుకోండి, టెక్స్ట్‌ఏరియా నుంచి ఫారం పంపేటప్పుడు బ్రౌజర్ కొత్త వరుసను రెండు గుర్తులుగా పంపుతుంది.